ఆకలి మీద బతికే చెట్టు

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు శనివారాలు జనం చూడటానికి వస్తారు. ఆ కాసేపూ అద్దెకున్నవాళ్ళు ఎక్కడికైనా పోవాలి. ఏజెంటు ఫోన్లో మర్యాదగానే చెప్పింది, "పార్కుకో బీచికో వెళ్ళి రండి, పాప కూడా సరదా పడుతుంది" అని. టీగన్ సరేనంది. కానీ వెళ్ళలేదు. మార్నీని చంకనేసుకుని పెరట్లో, గొడుగులా తిరిగే బట్టల తీగ వెనకాల, బాంక్సియా చెట్టుని కాపలా కాస్తున్నట్టు నిలబడింది.

చెట్టంటే పెద్ద చెట్టేం కాదు. టీగన్ మొగుడు బ్రోడీ కంటే జానెడు ఎత్తు ఉంటుందేమో. అంచులు రంపం పళ్ళలా కోసుకుపోయిన మొండి ఆకులు, ముడతలు పడ్డ బూడిదరంగు బెరడు. ఈ ఏడే మొదటిసారి ఒక కొమ్మ చివర మొగ్గ తొడిగింది. లేత మొక్కజొన్న కండెంత ఉంది, ఒంటినిండా నూగు కప్పుకుని. టీగన్ రోజూ పొద్దున్నే లేచి, పాపకి పాలు కూడా కలపకముందే, వెళ్ళి దాన్ని చూసి వచ్చేది. రాలిపోలేదు కదా, పురుగు పట్టలేదు కదా అని. ఆమె భయపడని విషయం లేదు. మార్నీ తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం.

వచ్చినవాళ్ళు అలమరాలు తెరిచారు, కుళాయిలు తిప్పారు. ఒక కుర్రజంట పెరట్లోకి వచ్చింది. అతను కంచె దగ్గర్నుంచి చెట్టు దాకా అంగలేసుకుంటూ కొలిచి, "ఇది పీకేస్తే ఇక్కడ ఈతకొలను పట్టేస్తుంది" అన్నాడు, మనిషి ఎదురుగా నిలబడి ఉందన్న ధ్యాసే లేకుండా. టీగన్ చెట్టుకి అడ్డంగా జరిగింది. మార్నీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. పాప "అబ్బా, అమ్మా" అని మూలిగింది.

వాళ్ళు లోపలికి పోయాక ఒక ముసలాయన వచ్చాడు. ఇల్లు చూడనే లేదు. నెత్తిన పాత బట్ట టోపీ, చేతులు చేటలంత. నేరుగా పెరటి మధ్యకి నడిచి, వంగి గుప్పెడు మట్టి తీసి, వేళ్ళ మధ్య నలిపి జారవిడిచాడు.

"ఇసుక," అన్నాడు తనలో తను. "వట్టి ఇసుక. తిండి ఎరగని ఇసుక."

"ఈ చుట్టుపక్కలంతా ఇంతే కదండీ," అంది టీగన్.

"నాకు చెప్తావా అమ్మాయ్? పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ ఈ ఇసుకలోనే క్యాబేజీ పండించినవాణ్ణి. ఇక్కడికి దగ్గర్లోనే, స్పియర్‌వుడ్‌లో మా తోట ఉండేది. మా నాన్న క్రొయేషియా నించి పడవ దిగి, ఈ నేల చూసి, పెట్టె మీద కూర్చుని ఏడ్చాడంట. ఏడ్చి, మొహం తుడుచుకుని, కోళ్ళఫారం ఎక్కడుందని అడిగాడంట!" ముసలాయన నవ్వాడు. "పెంట కోసం. ఇసుకకి తిండి పెడితే బంగారం పండుద్ది. ఇప్పుడు మా తోటలో ఇళ్ళు మొలిచాయిలే. నా క్యాబేజీలే నయం, కాస్త ఎడమెడంగా ఉండేవి."

టీగన్‌కి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. ఆ ధైర్యంతోనే అడిగేసింది.

"మీరు గనక ఈ ఇల్లు కొంటే, ఈ చెట్టు కొట్టించకండి. దయచేసి."

"ఎందుకు కొడతాను? నన్నేమన్నా తిట్టిందా అది?" అని, ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "నువ్వు నాటావా?"

"నేనూ మా ఆయనా."

"ఏం వేస్తావు దీనికి?"

"ఏమీ వెయ్యనండీ. దానికేం అక్కర్లేదు. దాని మానాన అది బతుకుతుంది."

ముసలాయన చెట్టుని పైనించి కిందకి చూశాడు. పక్కింటివాళ్ళ బక్కచిక్కిన పిల్లని చూసినట్టు చూశాడు. తర్వాత టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "నా పేరు స్టీపే. స్టీపే మాటిచ్చాడంటే ఇచ్చినట్టే. నేనున్నంత కాలం దీన్ని నా బిడ్డలా చూసుకుంటాను. సరేనా?"

బిడ్డ అన్న మాట దగ్గర టీగన్ మార్నీ జుట్టులో మొహం దాచుకుంది. ఇంకా చెప్పాల్సింది ఉంది. ఎరువు మాత్రం వెయ్యకండి, ఒక్క గింజ కూడా, అని చెప్పాలి. కానీ అంత పెద్దాయనకి, నేలలోనే బతికినాయనకి, రేపు ఆయనదే కాబోయే పెరట్లో నిలబడి, అద్దెకున్న పిల్ల అలా చెయ్యండి ఇలా చెయ్యొద్దు అని ఎలా చెప్తుంది? పైగా ఈ నేల మీద తమంతట పుట్టే చెట్లకి ఎరువు పడదని ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు? ఇంతలో ఏజెంటు వెనక తలుపు తీసి, టీగన్‌ని చూసి, పెదాలు బిగించింది. టీగన్ తలొంచుకుని పక్క గేటు నించి బయటికి పోయింది.

*

ఆ చెట్టు వయసు ఎల్కీ వయసు. అంటే ఎల్కీ ఉండి ఉంటే.

ఎల్కీ నెలలు నిండాకే పుట్టింది. ఏడవకుండా పుట్టింది. ఆసుపత్రివాళ్ళు ఒక రాత్రంతా ఒళ్ళు చెడకుండా చల్లబరిచే ఉయ్యాలలో తల్లి పక్కనే ఉంచారు. అప్పటికి టీగన్‌కి ఇరవై కూడా లేవు. కడుపొచ్చిందని మధ్యలో మానేసిన చదువు, పిల్ల పోయాక మళ్ళీ మొదలుపెట్టమని అందరూ అన్నారు. ఆమె మొదలుపెట్టలేదు. పిల్లకోసం మానేసినదాన్ని, పిల్ల లేదని తిరిగి తెచ్చుకోవడం ఆమెకి చేతకాలేదు.

దహనం చేశాక బూడిద చాలా కొంచెం ఇచ్చారు. అంత చిన్న పిల్లకి అంతే వస్తుందని చెప్పారు. మొదటి వానలు పడగానే, ఈ నేల మొక్కలు మాత్రమే పెంచే నర్సరీకి టీగన్, బ్రోడీ వెళ్ళారు. అక్కడ రోస్లిన్ అనే ఆవిడ, మోకాళ్ళ దాకా మట్టి, వేలెడు బాంక్సియా మొక్కని చేతిలో పెట్టి దాని సంగతి చెప్పింది.

"ఇది ఆకలి మీద బతికే చెట్టమ్మా. మన ఇసుకలో ఏమీ ఉండదు కదా, అందుకని వేళ్ళని దూదిలా చేసుకుని, ఉన్న కాస్తంతా పీల్చుకుంటుంది. ముఖ్యంగా భాస్వరం. చాలు అనడం దానికి రాదు. మనం జాలిపడి ఎరువేశామనుకో, తాగుతూనే ఉంటుంది, తాగీ తాగీ చచ్చిపోతుంది. ఇంకోటి, ఒకసారి నాటాక కదపకూడదు. ఆ దూది తెగిందంటే అయిపోయినట్టే."

అప్పుడు టీగన్ బూడిద సంగతి అడిగింది. మొక్క వేళ్ళ కిందే పెట్టాలని ఆమె కోరిక. వేళ్ళు పిల్లని చుట్టుకుంటాయని, ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉంటుందని. రోస్లిన్ నడుముకున్న గుడ్డ అందుకుంది. చేతులు తుడుచుకుంది. "ఎముకల బూడిద కూడా అదేనమ్మా," అంది చివరికి. "అందులోనూ భాస్వరమే. బారెడు దూరంలో, కాస్త లోతుగా పెట్టు. చెట్టు పెద్దదై నీడ అక్కడికి వస్తుందిలే."

అలాగే చేశారు. బ్రోడీ తవ్వాడు. పిల్లని చెట్టుకి కూడా ఎడంగానే పెట్టాల్సి వచ్చింది. నీడ అక్కడికి రావాలని టీగన్ ఏళ్ళ తరబడి ఎదురు చూసింది. పోయిన వేసవిలో, మధ్యాహ్నం దాటాక, కొమ్మ నీడ సరిగ్గా ఆ చోటు మీద పడింది. ఆ రోజు ఆమె మార్నీని తీసుకొచ్చి ఆ నీడలో కూర్చోబెట్టి జామ్ రొట్టె తినిపించింది.

*

ఇల్లు స్టీపేకే దక్కింది. ఆ కబురు విని టీగన్ ఊపిరి పీల్చుకుంటే, బ్రోడీ మాత్రం వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. అతను మట్టి తోడే మిషన్ నడుపుతాడు. కొత్త ఇళ్ళ కాలనీలకి నేల చదును చేసే పని.

"మనతో తీసుకుపోదాం," అన్నాడు.

"కదిపితే చస్తుంది బ్రోడీ. చెప్పింది కదా ఆవిడ."

"ఆవిడ చేతి తట్టతో తవ్వే మనిషి. నేను బండరాళ్ళు లేపేవాణ్ణి. ఇంత వెడల్పున, ఇంత లోతున, నేలతో సహా ఎత్తుతాను. దానికి తెలియను కూడా తెలీదు, ఇల్లు మారామని."

"ఎత్తి ఎక్కడ పెడతావ్? ఆ కొత్త ఇంట్లో పెరడంతా ఇటుక పరిచిందే. కుండీలో పెడతావా?"

"పెడతా. కుండీ లేకపోతే స్నానాల తొట్టిలో పెడతా. పరాయివాడి పెరట్లో నా... " బ్రోడీ ఆగిపోయాడు. అతను పిల్ల పేరు ఎత్తడు. పుట్టిన రోజు నించీ ఎత్తలేదు. "పరాయివాడి చేతిలో వదిలేసి పోవాలా?"

"బతికుంటుంది కదా," అంది టీగన్. "మన దగ్గర లేకపోయినా సరే. ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు నాకు."

ఆ మాటకి బ్రోడీ తిరగడం ఆపి కుర్చీలో కూర్చున్నాడు. ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాన్లన్నీ ఎక్కించాక అతను ట్రక్కులోనే కూర్చున్నాడు, పెరట్లోకి రాలేదు. టీగన్ తన ఫోన్ నంబరు స్టీపేకి ఇచ్చి, మొగ్గ విచ్చుకున్నప్పుడు చెప్పమంది. "చెప్పడమేంటి, పూలదండతో పిలుస్తాను," అన్నాడాయన.

కొత్త ఇల్లు దక్షిణాన దూరంగా, గోడకి గోడ ఆనుకున్న వరసలో ఒకటి. అక్కడ చేరీ చేరగానే మార్నీకి చెవిపోటు, జ్వరం. అది తగ్గిందనుకుంటే దగ్గు. టీగన్ పాప ఛాతీ మీద చెయ్యేసుకునే నిద్రపోయేది, నిద్రంటూ పడితే. మధ్యలో స్టీపే ఫోన్ చేసేవాడు.

"నీ చెట్టు బాగుందమ్మాయ్. మొగ్గ లావెక్కింది. నువ్వు దిగులుపడకు, దానికి లోటు రానివ్వను."

"మీకు ఇబ్బందేం లేదు కదా?"

"నాకేం ఇబ్బంది? ఈ బక్కదానికి కాస్త కండ పట్టాలంతే."

టీగన్ ఆ మాట విన్నది. కానీ అప్పుడే మార్నీ నోట్లో ఏదో పెట్టుకుంది. ఫోన్ పెట్టేసి, వేలు పెట్టి తీసింది. బొత్తాం. ఆ గొడవలో మాట మరుగున పడిపోయింది. ముసలాయన ముచ్చట్లు ఎప్పుడూ అంతే అనుకుంది.

*

పువ్వు విచ్చుకుందని ఆయన ఫోన్ చేసింది జూన్ మొదట్లో. అక్కడ చలికాలం మొదలయ్యేది జూన్‌లోనే, రాత్రి వాన పడి ఆకాశం కడిగినట్టుంది. బ్రోడీకి పని. టీగన్ మార్నీకి రెండు స్వెట్టర్లు తొడిగి, గంబూట్లు వేసి, కారులో బయల్దేరింది.

గేటు దగ్గరే వాసన తగిలింది.

కోడిపెంట వాసన. వానకి తడిసి ఘాటెక్కిన వాసన. పక్క దడి వెంట క్యాబేజీలు, పాలకూర, లావు గింజల బాకలా చిక్కుళ్ళు పచ్చగా, బొద్దుగా ఉన్నాయి. వాటికేనేమో అనుకుంది. వాటికే అయ్యుంటుంది. నడక మాత్రం దానంతటదే పరుగైపోయింది.

స్టీపే చెట్టు పక్కన, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. పువ్వు నిజంగానే విచ్చుకుంది. జానెడు పొడవున, కింద సగం ద్రాక్షసారా రంగు, పైన సగం వెండి. అంత అందమైన పువ్వుని టీగన్ ఏ చెట్టుకీ చూడలేదు. దాని చుట్టూ కొత్త ఆకులు పాలిపోయి ఉన్నాయి. పసుపు కూడా కాదు, ఉడికిన గుడ్డు తెల్లసొనలా. పాత ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ముడుచుకున్నాయి. మొదలు చుట్టూ, ఆ బారెడు దూరమూ కలిపి, నల్లటి ఎరువు పళ్ళెంలా పేర్చి ఉంది.

"చూశావా!" అన్నాడు స్టీపే. "ఇన్నేళ్ళూ ఒక్క పువ్వు పుయ్యలేదన్నావు. తిండి పెట్టగానే ఎలా పూసిందో. ఆకులు కాస్త రంగు తగ్గాయిలే, చలికి. అందుకే మొన్న ఇంకో బస్తా..."

టీగన్ మార్నీని కిందకి దించింది. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఎరువు లాగెయ్యడం మొదలుపెట్టింది. గోళ్ళతో, అరచేతులతో, మోచేతులతో.

"ఏం చేస్తున్నావ్ అమ్మాయ్? లే! మంచి ఎరువది. బాగా మాగింది. వాసన చూడు, ఘాటు కూడా..."

"చచ్చిపోతుందండీ," అంది. "దీనికి పడదు. తిండి పడదు దీనికి. తిని చచ్చిపోతుంది."

"తిని చచ్చేదేంటి? ఇన్నేళ్ళ సేద్యంలో తిండి పెడితే చచ్చిన మొక్కని నేను చూడలేదు. తిండి లేక చస్తాయి గానీ!"

మార్నీ కూడా తల్లి పక్కన గొంతుక్కూర్చుని రెండు చేతులూ ఎరువులో పెట్టింది. టీగన్ ఆ చేతి మీద ఒక్కటేసింది. పాప బిత్తరపోయి ఏడుపు లంకించుకుంది. అప్పుడు టీగన్‌కీ ఆగలేదు.

"అక్కడ నా కూతురుంది," అంది, ఎరువు కింద, చెట్టుకి బారెడు దూరంలో ఉన్న చోటు చూపిస్తూ. "నా పెద్ద కూతురు. ఈ చెట్టు దానిది."

స్టీపే ఆ చోటు మీంచి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత కోపం వచ్చింది ఆయనకి. మొహమంతా ఎర్రబడింది.

"చెప్పొద్దూ! ఆ ఒక్క మాట చెప్పొద్దూ నాకు!"

"చెప్పాను కదా. దానికేమీ అక్కర్లేదని చెప్పాను."

"అందరూ అనే మాటే కదా అది! మా ఆవిడ ముప్పొద్దులా అదే అనేది, నాకేం వద్దు, నాకేం అక్కర్లేదు అని. వద్దంది కదా అని పెట్టకుండా ఊరుకుంటామా తల్లీ? వద్దన్నవాళ్ళకే కదా ముందు పెట్టాలి!"

అని అక్కడే, ఇస్త్రీ చొక్కాతో, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ చేటలంత చేతులతో ఎరువు లాగడం మొదలుపెట్టాడు. మార్నీ ఏడుపు మానేసి వాళ్ళని చూస్తూ కూర్చుంది. నల్లది పోయి బూడిదరంగు ఇసుక బయటపడే దాకా ఇద్దరూ తోడారు. ఇసుక పైపైన వేళ్ళు కనబడ్డాయి. తెల్లటి దూదిలా ఉండాల్సినవి, టీ చుక్కల్లా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి.

"పేరేంటి?" అని అడిగాడు స్టీపే, చేతులు ఆపకుండానే.

"ఎల్కీ."

"ఎల్కీ," అన్నాడాయన. ఆ పేరు ఇంకో మనిషి నోట టీగన్ విని ఏళ్ళయింది. ఆసుపత్రి నర్సు ఒక్కసారి పిలిచింది. తర్వాత ఎవరూ పిలవలేదు. "క్షమించు ఎల్కీ తల్లీ. ముసలివాడు తెలియక పెట్టాడు."

*

బ్రోడీకి ఆ సాయంత్రం చెప్పింది. అతను బూట్లు విప్పుతున్నవాడు విప్పడం ఆపాడు.

"నేను తవ్వి తెస్తానన్నాను," అన్నాడు. "ఎలాగూ చచ్చేదే అయితే మన చేతుల్లోనే చచ్చేది."

అది అన్యాయమని అతనికీ తెలుసు. కానీ అనేశాడు, ఆమె వినేసింది. తర్వాత కొన్నాళ్ళు పాప గురించి, పాల గురించి, కారులో పెట్రోలు గురించి తప్ప ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. టీగన్ రోస్లిన్‌కి ఫోన్ చేసింది. నీళ్ళు బాగా పారించి కడగమని, ఆకుల మీద ఇనుము కలిపిన నీళ్ళు చల్లమని చెప్పింది ఆవిడ. చెప్పి, "మరీ ఆశ పెట్టుకోకమ్మా" అంది. టీగన్ ఆ చివరి మాట స్టీపేకి చెప్పలేదు.

ఆయన మాత్రం ప్రతి రెండు మూడు రోజులకీ ఫోన్ చేసేవాడు. ఇవాళ కడిగాను. ఇవాళ చల్లాను. ఒక ఆకు పచ్చబడినట్టుంది, నా కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూస్తాను. నిన్నటి పచ్చ ఆకు ఇవాళ లేదు. ఒకరోజు వేరే మాట చెప్పాడు.

"మీ ఆయన వచ్చాడమ్మాయ్."

"ఎవరు? బ్రోడీయా?"

"ఎంతమంది మొగుళ్ళున్నారు నీకు? అతనే. పొద్దున్నే ట్రక్కులో ఇసుక తెచ్చాడు. పలకరిస్తే పలకలేదు. నేను పాడుచేసిన మట్టి పైపైన తీసేసి, వేళ్ళకి దెబ్బ తగలకుండా, పసిపిల్లకి స్నానం చేయించినంత మెల్లగా తీసేసి, కొత్త ఇసుక పోశాడు. చేత్తో పట్టుకుని చూశాను, అందులో ఏమీ లేదు. ఇంత పనికిమాలిన ఇసుక ఎక్కడ దొరికింది బాబూ అన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత వెనక మెట్టు మీద కూర్చుని..." స్టీపే గొంతు సవరించుకున్నాడు. "కాఫీ ఇచ్చాన్లే. తాగాడు."

ఆ రాత్రి బ్రోడీ ఆమెకేమీ చెప్పలేదు. టీగన్ అతని చొక్కా బకెట్లో నానబెట్టబోయి, ఒక్క క్షణం మొహానికి ఆనించుకుంది.

*

సెప్టెంబరులో, అక్కడ వసంతం మొదలై ఊరంతా పసుప్పచ్చ తుమ్మపూలు పూసిన రోజుల్లో, స్టీపే ఫోన్ చేసి ఏమీ చెప్పలేకపోయాడు. "ఎప్పుడొస్తారు?" అని మాత్రం అడిగాడు. టీగన్‌కి అర్థమైంది.

ముగ్గురూ వెళ్ళారు. చెట్టు నిలబడే ఉంది. ఆకులన్నీ ఎండిపోయి కూడా రాలలేదు. గాలికి రేకుల్లా చప్పుడు చేస్తున్నాయి. ఆ ఒక్క పువ్వూ ఎండి బూడిదరంగు కండెలా మారింది. టీగన్ దాన్ని చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూసింది. గింజ పట్టి ఉంటే చెక్కతో చేసిన పెదాల్లాంటి కాయలు పైకి ఉబికి ఉంటాయి. ఒక్కటీ లేదు. ఆ జాతికి మామూలే అది, చాలా పూలు వట్టిపోతాయి. మామూలే అని తెలిసినా మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది.

"మిషన్ తెచ్చావా?" అని అడిగాడు స్టీపే బ్రోడీని.

బ్రోడీ తల అడ్డంగా ఊపాడు. చెట్టు దగ్గరికి వెళ్ళి మొదలు మీద రెండు చేతులూ వేశాడు. టీగన్ కూడా వెళ్ళి అతని చేతుల పక్కన తన చేతులు వేసింది. బలంగా లాగాలనుకున్నారు. కానీ అక్కర్లేకపోయింది. ఇన్నాళ్ళూ గడ్డపార తగిలితే చస్తుందని, కదిపితే చస్తుందని భయపడి వదిలేసి వెళ్ళిన చెట్టు, తడి ఇసుకలో గుచ్చిన పుల్లలా ఊడి చేతిలోకి వచ్చేసింది. కింద వేళ్ళే లేవు. నల్లటి పోగులు నాలుగు వేలాడుతున్నాయి, అంతే. ఇద్దరూ వెనక్కి తూలారు.

"ఎంత తేలిగ్గా ఉంది," అన్నాడు బ్రోడీ. "టీగ్, చూడు. ఎంత తేలిగ్గా ఉందో."

స్టీపే ముందుకు రాబోయి, ఆగి, టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. కాసేపటికి, "ఇక్కడ ఏం పెట్టమంటావు అమ్మాయ్?" అని అడిగాడు. "నువ్వు చెప్పిందే పెడతాను. ఇంకో బాంక్సియా తెస్తాను. నేను ముట్టను కూడా ముట్టను, నువ్వొచ్చి నువ్వే చూసుకుందువు గాని."

టీగన్ చెట్టు ఊడిన గొయ్యి వైపు చూసింది. ఇంకోటి నాటొచ్చు. నాటితే వేలెడు మొక్క, దాని నీడ ఆ చోటుకి చేరేసరికి మార్నీ బడికి పోతూ ఉంటుంది. అప్పటికి ఈయన ఉంటాడా? ఈయన తర్వాత ఈ ఇల్లు ఎవరిది? అంగలేసి కొలిచే మనిషి ఎవరొస్తారు? ఇంకో చెట్టుని కూడా పరాయి నేలలో పెట్టి, దూరంగా కూర్చుని, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ బతకడం ఆమె వల్ల కాదు.

"ఏమీ పెట్టకండి," అంది. ఈసారి మొహమాటపడలేదు. "నీళ్ళు కూడా పొయ్యకండి. ఏమీ వద్దు."

"ఏమీ వద్దు," అన్నాడు స్టీపే, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు. "అలాగే తల్లీ. ఏమీ పెట్టను."

ఆయన సంచినిండా చిక్కుళ్ళు కోసి ట్రక్కులో పెట్టాడు. టీగన్ వద్దనలేదు. బ్రోడీ చెట్టుని ట్రక్కు వెనక పడుకోబెట్టి, ఊగకుండా తాడు కట్టాడు. ఇంతసేపూ మార్నీ గోతిలోకి దిగుతూ, ఎక్కుతూ, ఆ బారెడు దూరంలోని చోటుని గంబూట్లతో తవ్వుతూ ఆడుకుంది. ఈసారి టీగన్ ఆమెని వారించలేదు.

ఇంటికి చేరేసరికి పాప నిద్రపోయింది. బ్రోడీ ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. టీగన్ గడప మెట్టు మీద కూర్చుని, పాప కాళ్ళ నించి లాగిన చిన్న గంబూట్లు దులపబోయింది. బరువుగా ఉన్నాయి. లోపల ఇసుక, మడమల దాకా. బూడిదరంగు ఇసుక, అక్కడిదే, ఎల్కీని పెట్టిన ఆ బారెడు దూరంలోది.

రోజూ అయితే ఇటుకల మీద దులిపి, చీపురుతో జాలారి గుంటలోకి ఊడ్చేస్తుంది. ఇవాళ బూటు వంచబోయి ఆపింది. ముందు చూసింది, ఇటుకలు. పక్కన చూసింది, ఇటుకలు, గోడ, పక్కవాళ్ళ ఇటుకలు. గుప్పెడు ఇసుక పొయ్యడానికి ఆ ఇంట్లో నేలంటూ ఎక్కడా లేదు.

బ్రోడీ బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చూసి, చెయ్యి చాచి రెండో బూటు తను తీసుకున్నాడు, ఒలకకుండా, రెండు చేతులతో. చీకటి పడే దాకా ఇద్దరూ అలాగే ఒకటొకటి పట్టుకుని కూర్చున్నారు.